ఇంట్లో సాసేజ్: ముందు ఏ పరికరం మార్చాలో థర్మామీటర్‌ని అడగండి

మినప్పప్పు మిక్సీలో రుబ్బేటప్పుడు మన ఇళ్లలో ఐస్ నీళ్లు పోస్తారు. పిండి వేడెక్కితే ఇడ్లీ గట్టిగా వస్తుందని అమ్మలకు తెలుసు. కీమా మాంసాన్ని పేగులో నింపి చేసే సాసేజ్ సంగతీ అంతే. కాకపోతే ఇక్కడ పాడయ్యేది పప్పు కాదు, కొవ్వు. మాంసం మరలో వేడెక్కితే కొవ్వు పలుకుపలుకుగా తెగకుండా వెన్నలా పూసుకుపోతుంది. అలా పూసుకుపోయింది పెనం మీదికి వెళ్లగానే కరిగి కారిపోతుంది. పేగులో మిగిలేది రంపపు పొట్టులాంటి ఎండు మాంసం.

నేను టెక్సస్‌లో ఆస్టిన్ దగ్గర ఉంటాను. తూర్పుగా 290 హైవే మీద వెళ్తే ఎల్గిన్ అనే చిన్న ఊరు వస్తుంది. 1995లో టెక్సస్ శాసనసభ ఆ ఊరికి ‘టెక్సస్ సాసేజ్ రాజధాని’ అని బిరుదిచ్చింది. అక్కడ తిన్నాకే ఇంట్లో చేయాలనే కోరిక పట్టుకుంది. అప్పట్లో నా దగ్గరున్నవి కేక్ పిండి కలిపే స్టాండ్ మిక్సర్‌కి తగిలించే కీమా అటాచ్‌మెంట్, దాని మూతికి బిగించే ప్లాస్టిక్ గొట్టం. రెండేళ్లు వాటితోనే చేశాను. పెద్ద మిషన్ ఉంటే అన్నీ సర్దుకుంటాయని నమ్మి ఒక హార్స్‌పవర్ కీమా మిషన్ కొన్నాను. సాసేజ్ మళ్లీ పొడిపొడిగానే వచ్చింది. మిషన్ మంచిదే. ముందు కొనాల్సింది అది కాదు. మీ డబ్బు ఆ దారిన పోకూడదనే ఇదంతా రాస్తున్నాను. ఇందులో డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.

1. ఏదీ కొనకముందు మూడు అంకెలు రాసుకోండి

మొదటి ఖర్చు రెండు చిన్న వస్తువుల మీద పెట్టండి. ఒకటి, సూది మొనతో వెంటనే చూపించే డిజిటల్ థర్మామీటర్. రెండు, గ్రాములో పదో వంతు వరకు తూచే చిన్న కాటా. మాంసం తూచడానికి వంటింట్లో ఉన్న కాటా చాలు. ఉప్పు, మసాలా, క్యూర్ (పొగ పెట్టే సాసేజ్‌లో వేసే నైట్రైట్ ఉప్పు) తూచడానికి మాత్రం ఈ చిన్నది తప్పనిసరి. చెంచా కొలతలతో సాసేజ్ చేయకండి. కళ్లుప్పు చెంచా, మెత్తని ఉప్పు చెంచా ఒకే బరువు తూగవు.

ఇప్పుడు మీ పాత సామానుతోనే రెండు కిలోలు చేయండి. మాంసం ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు ఎన్ని డిగ్రీలుందో చూసుకుని, ఆ తర్వాత మూడుచోట్ల సూది గుచ్చండి: కీమా కొట్టడం పూర్తయ్యాక, మసాలా కలిపాక, పేగులో నింపడం సగానికి వచ్చాక. సున్నా నుంచి ఒక డిగ్రీ దగ్గర మొదలైతే కీమా తర్వాత 4, కలిపాక 8 దాటకూడదు. నింపేటప్పుడు 10, మహా అయితే 12.

నా నోట్‌బుక్‌లో స్టాండ్ మిక్సర్ రోజుల అంకెలు 5, 8, 17. పెద్ద మిషన్ కొన్నాక 3, 7, 15. రెండో వరుస చూశాకే అర్థమైంది. కీమా దగ్గర రెండు డిగ్రీలు తగ్గించడానికి నాలుగు వందల డాలర్లు ఖర్చుపెట్టి, నింపే దగ్గర ఎనిమిది డిగ్రీలు పెరుగుతుంటే వదిలేశాను. ఆ మిషన్ మూతికే గొట్టం బిగించి నింపుతున్నాను మరి.

మీ అంకెల్లో పెద్ద గెంతు ఎక్కడుందో అక్కడే మీరు మార్చాల్సింది ఉంది.

2. ఉన్న కీమా మిషన్‌ని ముందు బాగుచేయండి

కీమా దగ్గర గెంతు ఉంటే వెంటనే కొత్త మిషన్ కోసం వెతకొద్దు. చాలాసార్లు లోపం మోటారులో ఉండదు, బ్లేడులో ఉంటుంది.

మూత విప్పి చూడండి. నాలుగు రెక్కల బ్లేడుకు ఒకవైపు చదునుగా, రెండోవైపు ఉబ్బుగా ఉంటుంది. చదునువైపు చిల్లుల ప్లేటుకు ఆనాలి. తిరగేసి పెడితే మాంసం తెగదు, నలిగి ముద్దగా బయటికి వస్తుంది. కొత్తగా చేసేవాళ్లందరూ ఒకసారైనా చేసే పొరపాటు ఇదే. బయటి రింగు కూడా గట్టిగా బిగించండి. వదులుగా ఉంటే బ్లేడుకూ ప్లేటుకూ మధ్య సందు ఏర్పడి నరాలు అందులో చుట్టుకుంటాయి.

ఒక బ్లేడు, ఒక ప్లేటు కలిసి అరుగుతూ ఒకదానికొకటి అమరుతాయి. అందుకని జతలు కలపకండి. మొద్దుబారితే అద్దం మీద నీళ్లకాగితం (తడిపి వాడే గరుకు కాగితం) పరిచి, తడిపి, బ్లేడు చదునుముఖాన్ని ఎనిమిది అంకె రాసినట్టు తిప్పుతూ రుద్దండి. 220 గరుకుతో మొదలుపెట్టి 400, 600కి వెళ్లండి. ప్లేటుకూ అంతే. ముఖమంతా ఒకే మెరుపు వచ్చిందంటే చదునైందని లెక్క. పది నిమిషాల పని. దీనితోనే నా పాత అటాచ్‌మెంట్ కీమా అంకె 5 నుంచి 3కి దిగింది.

మాంసాన్ని ముక్కలుగా కాకుండా వేలెడు వెడల్పు పొడవాటి చీలికలుగా కోయండి. స్క్రూ వాటిని తనంతట తనే లోపలికి లాక్కుంటుంది, తోసే పని తగ్గుతుంది. తెల్లటి నరం పొరలు ఓపిగ్గా తీసేయండి. పళ్లెంలో పరిచి, అంచులు గట్టిపడేదాకా ముప్పావుగంట డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. రాయిలా గడ్డకట్టించకండి, గేర్లు విరుగుతాయి. మిషన్ తల, స్క్రూ, బ్లేడు, ప్లేటు కూడా గంటసేపు ఫ్రీజర్‌లో ఉండాలి. లోపలికి తోయడానికి చెక్క కర్ర మాత్రమే వాడండి, వేళ్లు వద్దు. పక్కన పిల్లలుంటే ఈ మాట వాళ్లకీ చెప్పండి.

3. స్టఫర్: మిషన్లలో అన్నిటికంటే ముందు కొనాల్సింది

జంతికల గొట్టం తెలిసినవాళ్లకు, మాంసాన్ని పేగులో నింపే స్టఫర్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. స్టీలు గొట్టంలో పిండి వేసి పైనుంచి మర తిప్పుతూ నొక్కితే కింద చక్రాలు పడతాయి కదా, ఇదీ అంతే. నొక్కడమే దీని పని. నలపదు, చిలకదు. కీమా మిషన్‌తో నింపేటప్పుడు కలిపి ఉంచిన మాంసం మళ్లీ స్క్రూలో పడి చిలికినట్టవుతుంది. వేడి పుట్టేది అక్కడే.

విడి స్టఫర్ వచ్చాక నా మూడో అంకె 15 నుంచి 9కి వచ్చింది. రెండు కిలోలు నింపడానికి నలభై నిమిషాలు పట్టేది, ఇప్పుడు పది నిమిషాలు చాలు. సాసేజ్ కోసి చూస్తే కొవ్వు తెల్లటి పలుకులుగా కనిపించింది. అది చూసి నేనూ మా ఆవిడా కాసేపు మాట్లాడలేదు.

నిలువు స్టఫర్ తీసుకోండి. ఇంటికి ఐదు పౌండ్లది, అంటే సుమారు రెండుంపావు కిలోలు పట్టేది చాలు. పదిహేను పౌండ్లది కొంటే తరచూ నింపే పని ఉండదనిపిస్తుంది కానీ అందులో ఒక చిక్కుంది. సిలిండర్ వెడల్పు పెరిగేకొద్దీ అదే ఒత్తిడి రావడానికి ఎక్కువ బలం కావాలి. గొర్రె పేగుకి వాడే 10, 12 మి.మీ. సన్నటి గొట్టంలోంచి తోయాలంటే పెద్ద సిలిండర్‌లో హ్యాండిల్ తిప్పలేక చేయి పడిపోతుంది. సన్న సాసేజ్‌కి చిన్న సిలిండరే మేలు.

కొనేటప్పుడు ఇవి చూడండి. గేర్లు లోహంవి కావాలి. ప్లాస్టిక్ గేర్లు చల్లటి గట్టి మాంసం దగ్గర పళ్లు రాలుస్తాయి, మనకు కావాల్సిందేమో చల్లటి గట్టి మాంసమే. హ్యాండిల్‌కి రెండు వేగాలుంటే మంచిది: ఒకటి నింపడానికి, రెండోది రాడ్డుని త్వరగా పైకి లాగడానికి. నొక్కే పళ్లెంలో గాలి పోయే వాల్వ్ ఉండాలి. లేకపోతే అడుగున చిక్కిన గాలి ‘టప్’మని పేగులోకి వచ్చి చీలుస్తుంది. గొట్టాలు స్టీలువైతే పేగు జారుతుంది, కడగడం తేలిక. అడుగున బల్లకి బిగించే క్లాంపులు లేకుండా కొనకండి. ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో పేగు పట్టుకున్నాక స్టఫర్‌ని పట్టుకోవడానికి మూడో చేయి ఉండదు.

వాడే పద్ధతి: సిలిండర్ ఫ్రిజ్‌లో చల్లబరచండి. మాంసాన్ని ముద్దలు చేసి ఒక్కొక్కటి లోపలికి గట్టిగా విసిరి కొట్టండి, మధ్యలో గాలి ఉండకుండా. రబ్బరు రింగుకి రుచీ వాసనా లేని ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ పూయండి. గొట్టం చివర మాంసం కనిపించాకే పేగు ఎక్కించి ముడి వేయండి. ముందే ముడి వేస్తే గొట్టంలోని గాలంతా పేగులోకి పోతుంది. చివర్లో సిలిండర్ అడుగున, మలుపులో నూట యాభై గ్రాముల దాకా మిగులుతుంది. పారేయకండి, పొద్దున గుడ్లతో పొరటు చేసుకోండి.

4. ఇప్పుడు కీమా మిషన్

బ్లేడు పదును పెట్టాక కూడా మొదటి అంకె తగ్గకపోతేనో, మీరు చేసే మోతాదు మూడు కిలోలు దాటితేనో కొత్తది కొనండి.

మిషన్ల మీద 5, 8, 12, 22, 32 అని నంబర్లుంటాయి. ఇవి 19వ శతాబ్దం చివర్లో ఫిలడెల్ఫియాలోని ఎంటర్‌ప్రైజ్ కంపెనీ చేతి మిషన్ల కొలతల నుంచి వచ్చాయి. నంబర్ పెరిగితే ప్లేటు వెడల్పు పెరుగుతుంది: 5కి సుమారు 54 మి.మీ., 8కి 62, 12కి 70, 22కి 82, 32కి 100. ఇంటికి 8 గానీ 12 గానీ సరిపోతుంది. మా దగ్గర జింకల వేటకు వెళ్లే పక్కింటివాళ్లకు 22 అవసరం, ఒక్క రోజులో ఇరవై కిలోలు కొట్టాలి కాబట్టి. నెలకోసారి మూడు కిలోలు చేసేవాళ్లకు దాన్ని కడగడమే పెద్ద పని.

పెట్టె మీద 2000 వాట్లు, 3000 వాట్లు అని ఉంటే మోసపోకండి. అది చాలాసార్లు మోటారు బిగుసుకుపోయిన క్షణంలో లాగే కరెంటు లెక్క. అమెరికా ఇళ్లలో 120 వోల్టులు, 15 ఆంపియర్ల ప్లగ్గు ఇవ్వగలిగేదే 1800 వాట్లు. మీరు చూడాల్సింది రేటెడ్ పవర్, అంటే మోటారు నిలకడగా ఇచ్చే శక్తి. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. 8 నంబర్‌కి అర హార్స్‌పవర్, 12కి ముప్పావు ఉంటే నిశ్చింత. వెనక్కి తిప్పే స్విచ్, లోహపు గేర్లు, స్టీలు తల ఉన్నాయో లేదో చూడండి. ప్లేటు మధ్యలో హబ్ (పొడుచుకొచ్చిన దిమ్మ) ఉందో లేదో కూడా రాసుకోండి, తర్వాత విడి ప్లేట్లు కొనేటప్పుడు పనికొస్తుంది.

ప్లేట్లు మూడు చాలు. 10 మి.మీ. గరుకు సాసేజ్‌కి, 6 మి.మీ. అన్నిటికీ, 4.5 మి.మీ. సన్నదానికి. నేరుగా సన్న ప్లేటులో వేస్తే మిషన్ మీద బరువు పడి మాంసం వేడెక్కుతుంది. ముందు 10లో కొట్టి, పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి, ఆ తర్వాత సన్నదానిలో వేయండి.

ఇండియాకి వెళ్లేటప్పుడు ఇక్కడి మిషన్ తీసుకెళ్దామనుకుంటే ఆగండి. 120 వోల్టుల మోటారు మన 230 వోల్టుల ప్లగ్గులో కాలిపోతుంది. దానికి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ బరువూ ధరా కలిపితే అక్కడే ఒకటి కొనుక్కోవడం నయం. అక్కడ మొదలుపెట్టేవాళ్లకు నా సలహా, చేత్తో తిప్పే ఇనప మిషన్‌ని చిన్నచూపు చూడొద్దు. నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి వేడి పుట్టించదు. రెండు కిలోల వరకు దానితో చేసిన కీమాకి వంక పెట్టలేం. మటన్ కొట్టులో కీమా కొట్టించుకోవడం సులువే, కానీ ఆ మిషన్‌లో అంతకుముందు ఏం కొట్టారో, ఎంతసేపు బయట ఉందో మనకు తెలియదు. సాసేజ్‌కి మాంసం ముక్క తెచ్చుకుని ఇంట్లో కొట్టడమే మంచిది.

5. కలపడం

ఉప్పు, మాంసంలోని మయోసిన్ అనే ప్రోటీన్‌ని బయటికి లాగుతుంది. కలుపుతుంటే అదే జిగురై ముక్కల్ని పట్టి ఉంచుతుంది. గుప్పెడు మాంసం అరచేతికి అంటించి చేయి తిరగేస్తే కింద పడకూడదు, అదే గుర్తు. మూడు కిలోల వరకు చేతులతోనో, స్టాండ్ మిక్సర్ తెడ్డుతో తక్కువ వేగం మీద రెండు నిమిషాలో కలిపితే చాలు. గిన్నె కింద ఐస్ పెట్టండి. హ్యాండిల్‌తో తిప్పే మీట్ మిక్సర్ల జోలికి ఐదు కిలోలు దాటేవరకు పోనక్కర్లేదు. సగం కన్నా తక్కువ నింపితే వాటి తెడ్లకు మాంసం సరిగ్గా అందదు.

6. పేగులు, గొట్టం కొలతలు

సాసేజ్ గొట్టం పేగు కొలతకి తగ్గట్టుండాలి. పంది పేగు 32 నుంచి 35 మి.మీ. ఉంటుంది. దానికి 16 నుంచి 20 మి.మీ. గొట్టం కావాలి. గొర్రె పేగు 19 నుంచి 24 మి.మీ., దానికి 10 నుంచి 12 మి.మీ. గొట్టం. ఉప్పులో వచ్చే పేగుల్ని కడిగి, గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి, కుళాయి కింద ఒక చివర పట్టి లోపలి నుంచి నీళ్లు పోనివ్వండి. చిల్లులుంటే అప్పుడే తెలుస్తాయి. మిగిలినవి ఉప్పులో వేసి ఫ్రిజ్‌లో పెడితే నెలల తరబడి ఉంటాయి.

మన ఇళ్లలో తప్పక చెప్పాల్సిన మాట ఒకటి. కొల్లాజెన్ పేగులు చూడటానికి శుభ్రంగా, ఏ జంతువుదీ కానట్టు ఉంటాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం ఆవు, ఎద్దు చర్మం నుంచి తయారైనవే. బీఫ్ తినని అతిథికి చికెన్ సాసేజ్ అని పెట్టేముందు డబ్బా మీద చదవండి. పంది, బీఫ్ రెండూ తిననివాళ్లకు గొర్రె పేగు ఉంది. బోటీ కూర తినే ఇంట్లో దానికి అభ్యంతరం రాదు.

7. పొగ పెట్టాలంటే క్యూర్ ముందు, స్మోకర్ తర్వాత

ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో కాల్చుకునే పచ్చి సాసేజ్‌కి క్యూర్ అక్కర్లేదు. పొగ పెట్టేదానికి కావాలి. గంటల తరబడి గోరువెచ్చటి, గాలి ఆడని పొగలో ఉండటమంటే బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే క్రిమికి పుట్టిల్లు. ఆ జబ్బు పేరే లాటిన్‌లో సాసేజ్ అనే మాట నుంచి వచ్చింది. జర్మనీలోని వ్యుర్టెంబర్గ్‌లో సాసేజ్ తిని జనం చనిపోతుంటే 1820ల్లో యుస్టినుస్ కెర్నర్ అనే వైద్యుడు దాని మీద మొదటిసారి లోతుగా పరిశోధించి రాశాడు.

క్యూర్ నంబర్ 1 అంటే 6.25 శాతం సోడియం నైట్రైట్ కలిపిన ఉప్పు. కిలో మాంసానికి 2.5 గ్రాములు. అంతకు మించితే ప్రమాదం, తగ్గితే రక్షణ చాలదు. పదో వంతు గ్రాము కాటా కొనమన్నది ఇందుకే. మామూలు ఉప్పుతో కలిసిపోకూడదని దానికి గులాబీ రంగు వేస్తారు. పచారీ కొట్టులో దొరికే హిమాలయన్ పింక్ సాల్ట్ ఇది కాదు, రంగు తప్ప రెండిటికీ పోలికే లేదు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి, మసాలాల అరలో కాకుండా వేరే చోట పెట్టండి.

స్మోకర్ ఏదైనా సరే, తక్కువ వేడి దగ్గర నిలకడగా ఉంటుందా అన్నదే ప్రశ్న. 50 డిగ్రీల దగ్గర పైతోలు ఆరనిచ్చి, పొగ పెడుతూ మెల్లగా 75 వరకు పెంచుతాం. లోపలి వేడి 71 చేరితే దింపేయాలి. చికెన్‌కి 74. తొందరపడి స్మోకర్‌ని 90కి పెంచితే కొవ్వంతా అడుగున పళ్లెంలోకి దిగుతుంది, అంత శ్రమా వృథా. సలామీలాంటి ఎండబెట్టేవాటికి వేడినీ తేమనూ అదుపుచేసే గది, వేరే క్యూర్, పులియబెట్టే కల్చర్ కావాలి. అది మరో చదువు. ఇప్పుడే దాని మీద ఖర్చుపెట్టకండి.

8. కడగడం

ప్లగ్గు తీశాక తల విప్పండి. బ్లేడూ ప్లేట్లూ కార్బన్ స్టీలువైతే డిష్‌వాషర్‌లో ఒక్కసారికే తుప్పు పడతాయి, అల్యూమినియం తల నల్లబడుతుంది. వేడి సబ్బునీళ్లతో చేత్తో తోమి, గొట్టాల్లోపల సన్న బ్రష్ పెట్టండి. గ్యాలన్ నీళ్లకి వాసన కలపని బ్లీచ్ ఒక టేబుల్‌స్పూన్ చొప్పున కలిపి ముంచి తీసి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక బ్లేడుకీ ప్లేట్లకీ మినరల్ ఆయిల్ రాసి, జతజతగా కాగితంలో చుట్టి పెట్టుకోండి. వంటనూనె రాస్తే నెలకల్లా జిగటగా మారి, ముక్కిన వాసన వస్తుంది.

9. కొత్త సామానుతో మొదటి విడత

మొదటిసారే కష్టమైన రకం ఎత్తుకోకండి. రెండు కిలోల పంది భుజం మాంసం, కొవ్వుతో సహా తీసుకోండి. పావు వంతు కొవ్వు ఉంటే చాలు. పంది తిననివాళ్లు కోడి తొడమాంసం తోలుతో సహా తీసుకోవచ్చు. దానికి ఉప్పు 32 గ్రాములు, గుంటూరు కారం 12, దంచిన వెల్లుల్లి 16, వేయించి పొడిచేసిన ధనియాలు 8, మిరియాలు 5, ఐస్ నీళ్లు 140 మి.లీ. ఘాటు ఎక్కువనుకుంటే కారం సగం చేయండి, ఉప్పు మాత్రం ముట్టుకోవద్దు. జిగురు దానితోనే వస్తుంది.

10 మి.మీ. ప్లేటులో ఒకసారి, పావుగంట ఫ్రీజర్, 6 మి.మీ. ప్లేటులో మరోసారి. అంకె రాయండి. మసాలా, ఐస్ నీళ్లు వేసి జిగురు వచ్చేదాకా కలిపి మళ్లీ రాయండి. పేగులో నింపేముందు చిన్న బిళ్ల చేసి పెనం మీద కాల్చి రుచి చూడండి. మసాలా సరిదిద్దుకోవడానికి ఇదే ఆఖరి అవకాశం. నింపుతూ సగంలో మూడో అంకె రాయండి. పేగుని బిగుతుగా నింపకండి. వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి, లేకపోతే విడివిడి సాసేజ్‌లు చేయడానికి మెలి తిప్పేటప్పుడు పగులుతుంది. గాలి బుడగలు కనిపించిన చోట సన్న సూదితో పొడవండి. మూత పెట్టకుండా ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఆరనిచ్చి, మర్నాడు సన్నసెగ మీద కాల్చండి.

కోసినప్పుడు ముక్క అంచున కొవ్వు పలుకులు విడివిడిగా కనిపిస్తున్నాయా, పళ్లెంలో నూనె మడుగు కట్టిందా చూసి, ఆ మూడు అంకెల పక్కనే అదీ రాసుకోండి.